కాళ్లు మాట ఇనట్నేదు
(శ్రీకాకుళంలో ఇచ్చిన స్మారక ఉపన్యాస పాఠం)

మాస్టారి శిష్యులు, కుటుంబ సభ్యులు, ఊరి పెద్దలతో పాటు ఆశా కార్యకర్తలు కూడా ఇంతమంది రావడం నాకు చాలా సంతోషంగా ఉంది. చెప్పదలచుకున్నదాంట్లో సగం ఆశా కార్యకర్తలైన మీ కోసమే.

మాస్టారు డ్రిల్లు మాస్టారు. పిల్లల్ని వరసలో నిలబెట్టి, కాలు కదిపించి, మైదానం చుట్టూ నడిపించడం ఆయన ఉద్యోగం. అలాంటి మనిషి చివరి కొన్నేళ్లు వీధి గడప దాటలేదు. పక్షవాతం రాలేదు, ఎముక విరగలేదు. ఎవరడిగినా ఇంట్లోవాళ్లు "వయసు కదండీ" అనేవారు. ఆయనా అదే అనేవారు. ఆయన పేరిట మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు ఇంకో విషయం తోచలేదు. పెద్దవాళ్లకు నడక ఎందుకు కష్టమవుతుంది, ఎంతమందికి అవుతోంది, మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో దాని వెనక ఏమున్నాయి అన్నదే ఈరోజు మాట్లాడతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వయసు నడకను నెమ్మది చేస్తుంది. ఆపేయడం మాత్రం వయసు పని కాదు. మధ్యలో ఆగిపోయిన నడక వెనక దాదాపు ఎప్పుడూ పేరున్న కారణం ఒకటి ఉంటుంది, తరచు రెండు మూడు కలిసి ఉంటాయి. మన దగ్గర వాటిలో చాలావాటికి మందో, చెప్పో, చేతికర్రో, మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక ఇనుప కమ్మో ఉపశమనం ఇస్తుంది. వయసు అనే జవాబుతో మనం తృప్తి పడిపోతున్నాం కాబట్టే ఎవరూ వెతకడం లేదు.

ముందు లెక్కల సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2 కోట్ల 68 లక్షలు, అంటే జనాభాలో 2.21 శాతం. అందులో కదలికకు సంబంధించిన వైకల్యం 54 లక్షల మందికి పైగా ఉంది. ఈ అంకె చూసి సమస్య చిన్నదే అనుకోవచ్చు. కానీ ఆ అంకె ఎలా వచ్చిందో చూడండి. లెక్కలు రాసే ఉద్యోగి ఇంటికొచ్చి, ఈ ఇంట్లో శారీరకంగా గానీ మానసికంగా గానీ వైకల్యం ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడుగుతాడు. మోకాళ్లు పట్టేసి పెరడు దాకా కూడా పోలేని మామ్మ ఆ ఇంట్లో ఉన్నా, కోడలు లేరనే చెబుతుంది. అబద్ధం కాదు. ఆ ఇంట్లో ఎవరి దృష్టిలోనూ మామ్మ వికలాంగురాలు కాదు, ముసలిది, అంతే.

అందుకే ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2001లో ఒక బృందాన్ని ఏర్పాటు చేస్తే, దాన్ని వాషింగ్టన్ గ్రూప్ అంటారు, వాళ్లు ప్రశ్ననే మార్చారు. వైకల్యం ఉందా అని అడగరు. నడవడానికి, మెట్లెక్కడానికి మీకు కష్టంగా ఉందా అని అడుగుతారు. కష్టం లేదు, కొంత కష్టం, చాలా కష్టం, అసలు చేయలేను అని నాలుగు జవాబులు. ఇలా కష్టాన్ని అడిగిన చోటల్లా లెక్క బాగా పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో చెప్పుకోదగ్గ వైకల్యంతో బతుకుతున్నవాళ్లు ప్రపంచంలో 130 కోట్లని, అంటే ఆరుగురిలో ఒకరని అంచనా వేసింది. మన దేశంలో 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా మనుషుల్ని పలకరించిన లాసీ సర్వే 2017-18లో జరిగింది. అరవై దాటినవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి స్నానం, గదిలో నడక, మంచం మీంచి లేవడం లాంటి రోజువారీ పనుల్లో ఏదో ఒకటి కష్టంగా ఉందని అందులో తేలింది. జనాభా లెక్కలకు అందకుండా, ఇలాంటి సర్వేల్లో మాత్రమే కనబడే ఆ మనుషులే నా విషయం. వాళ్లకు సర్టిఫికెట్టు ఉండదు, వాళ్ల కేసు షీటు ఎక్కడా ఉండదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పెద్దావిడను ఏమైందమ్మా అని అడిగితే ఇలా అంది: "ఏటవుద్ది బాబూ, వయసైపోనాది. కాళ్లు నా మాట ఇనట్నేదు." ఆవిడ మోకాళ్ల మీద చెయ్యి వేస్తే లోపల ఇసుక నలిగినట్టు కరకర తెలిసింది. రెండు మోకాళ్లూ బయటికి వంగి, నిలబడితే మధ్యలోంచి పిల్లి దూరేంత సందు ఉంది. చిన్నప్పటి నుంచీ ఉభాలకు వంగింది, కలుపుకు గొంతుక్కూర్చుంది, వానాకాలం పోయాక జీడిపిక్కలు కొట్టే చోట పొద్దస్తమానం కాళ్లు ముడుచుకుని కూర్చుంది. మధ్యలో నలుగురు పిల్లలు, బిందెలతో నీళ్ల మోత. ఆ మోకాళ్ల కీలు అరిగింది పనితో. మన దేశంలో మోకాలి కీళ్లవాతం గురించి 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 28.7 శాతం మందిలో అది కనబడింది, ఆడవాళ్లలో ఎక్కువ. మన జిల్లాల పొలాల్లో ఊడ్పూ కలుపూ ఆడవాళ్లవే. 2011 లెక్కల్లో వెయ్యి మంది మగవాళ్లకు శ్రీకాకుళంలో 1015 మంది, విజయనగరంలో 1019 మంది ఆడవాళ్లు ఉన్నారు. మగవాళ్లు విశాఖకో, హైదరాబాదుకో, మద్రాసుకో, గుజరాత్ చేపల రేవులకో వలస పోతే పొలమూ ఇల్లూ పశువూ ఆడవాళ్ల మోకాళ్ల మీదే నిలుస్తాయి.

ఇప్పుడు ఆవిడ ఏం చేస్తుందో చెబుతాను, ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. ఊళ్లో వైద్యం చేసే ఆరెంపీ దగ్గరకు వెళ్తుంది. ఆయన ఒక సూది వేస్తాడు, నాలుగు బిళ్లలు పొట్లం కట్టి ఇస్తాడు. సాయంత్రానికి నొప్పి పోతుంది, ఆవిడ దండం పెడుతుంది. సూదిలో డైక్లోఫెనాక్ ఉంటుంది, పొట్లంలో తరచు స్టెరాయిడు కూడా ఉంటుంది. వారానికి ఒకసారి, పంటల సీజన్లో ఇంకా ఎక్కువసార్లు. స్టెరాయిడు ఏళ్ల తరబడి వాడితే ఎముక బోలవుతుంది, తుంటి కీలుకు రక్తం అందక అది కూలిపోతుంది. నొప్పి బిళ్లలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఈ మాట ఎక్కడైనా చెప్పాల్సిందే, ఉద్దానంలో మరీ గట్టిగా చెప్పాలి. అక్కడి కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకు ఇంతగా ఉందో ఇంకా తేలలేదు. 2019లో అచ్చయిన అధ్యయనంలో ఉద్దానం పెద్దల్లో దాదాపు 18 శాతం మందికి ఈ జబ్బు కనబడింది, వాళ్లలో ఎక్కువమందికి షుగరూ బీపీ లాంటి తెలిసిన కారణం లేదు. నొప్పి బిళ్లల వల్లే ఈ జబ్బు వచ్చిందని నేను చెప్పడం లేదు. కానీ అప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి ఆ బిళ్ల విషంతో సమానం, తన కిడ్నీ దెబ్బతిన్నదని ఆ మనిషికి అప్పటికి తెలియదు.

కిడ్నీ జబ్బు తిరిగి కాళ్ల మీదకే వస్తుంది. ఇది చాలామందికి తెలియదు. విటమిన్ డి శరీరంలో పని చేసే రూపానికి మారేది కిడ్నీలోనే. కిడ్నీ చెడితే ఎముకలో సున్నం నిలవదు, ఎముకలు సలుపుతాయి, తొడ కండరాలు నీరసిస్తాయి, రక్తం తగ్గి నాలుగడుగులకే ఆయాసం వస్తుంది, పాదాలకు నీరు దిగుతుంది. నలభై ఏళ్ల మనిషి నేల మీంచి లేవడానికి గోడ పట్టుకుంటాడు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది, వంశధార నీటిని గొట్టాల్లో ఊళ్లకు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. చాలా మంచి పని. నేను కోరేది ఇంకొకటి: డయాలసిస్‌కు వచ్చే ప్రతి మనిషినీ రక్తపరీక్ష అడిగినట్టే నడక గురించీ అడగాలి. వారానికి రెండు మూడుసార్లు ఆటోలో వచ్చి, రక్తం శుద్ధి చేయించుకుని, తూలుతూ తిరిగి ఆటో ఎక్కే మనిషికి పడిపోయే ప్రమాదం చాలా ఎక్కువ.

మరి మోకాళ్లకు ఏం చేయాలి? తొడ ముందుభాగపు కండరం బలంగా ఉంటే కీలు మీద భారం తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపి, పది లెక్కపెట్టేదాకా నిలిపి దించడం, రోజుకు రెండు పూటలా. దీనికి ఖర్చు లేదు. ప్రపంచంలో చాలాచోట్ల పరీక్షించి చూస్తే మోకాలి నొప్పికి ఇది పనిచేస్తుందని తేలింది. మన దగ్గర చిక్కేమిటంటే దీన్ని చేసి చూపించే మనిషి ఊళ్లో లేరు. డాక్టరు చీటీ మీద వ్యాయామం అని రాస్తాడు. ఆ మాట చదివి ఎవరూ కాలు ఎత్తరు.

వ్యాయామం అన్నాక వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడుగారిని తలచుకోవాలి. మాస్టారికి ఆయన దేవుడితో సమానం. విజయనగరంలో పెరిగి, అక్కడే వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సర్కస్ పెట్టి, కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న మల్లయోధుడు. ఈ ఊరి స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం. ఆయన చివరి రోజుల గురించి మాత్రం మనం ఎక్కువ మాట్లాడుకోం. కాలి మీద పుండు లేచి, ఆ కాలు తీసేయాల్సి వచ్చిందని, శస్త్రచికిత్సకు మత్తుమందు వద్దన్నారని చెబుతారు. 1942 జనవరిలో ఒడిశా వైపు బలంగీరులో కన్నుమూశారు. ఆ పుండు ఏ జబ్బు వల్ల వచ్చిందో ఇన్నేళ్ల తరవాత ఊహించడం సరి కాదు. అంతటి బలవంతుడి కాలినీ ఒక పుండు తీసుకుపోయిందన్నది మాత్రం మనకు అవసరమైన సంగతి. నేటికీ మన ఆసుపత్రుల్లో కాళ్లు పోతున్నది ఎక్కువగా పుండ్ల వల్లనే.

ఐసీఎంఆర్ 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారు. షుగరు ఏళ్ల తరబడి అదుపు తప్పితే అరికాళ్లలో స్పర్శ పోతుంది. దాన్ని కనిపెట్టడానికి ఒక నైలాను పోగు చాలు. కళ్లు మూసుకోమని, ఆ పోగు వంగేదాకా అరికాలికి ఆనించి, తగిలినప్పుడు చెప్పమంటాం. ఒక రైతు బొటనవేలి కింద ఆనించాను, మడమ దగ్గర ఆనించాను, పక్కన ఆనించాను. ఆయన కళ్లు మూసుకుని "ఎట్టండి బాబూ, ఎడతారా నేదా" అంటున్నాడు. నేను పెట్టి తీసేశానని ఆయనకు తెలియలేదు. అదే పాదంలో తుమ్మముల్లు ఒకటి విరిగి, చుట్టూ చీము పట్టి ఉంది, అదీ తెలియదు. ఆయన ఉత్తికాళ్లతో ఎరువు మోశాడు. స్పర్శ లేని పాదంతో నడిచే మనిషికి నేల ఎక్కడుందో కూడా సరిగా తెలియదు, చీకటి పడితే తూలుతాడు. దాన్నీ వయసు అనే అంటారు.

స్పర్శ లేని పాదాలు మన జిల్లాలకు కొత్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం ఒకప్పుడు కుష్ఠు ఎక్కువగా ఉన్న జిల్లాలు. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి పేరు తెలియని ఇల్లు ఆ వైపు ఉండేది కాదు. 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చాక జబ్బు బాగా తగ్గింది. కానీ జబ్బు నయమైనా చచ్చిన నరం తిరిగి రాదు. అప్పట్లో మందులు వాడి బాగుపడినవాళ్లు ఇప్పుడు డెబ్భైల్లో ఉన్నారు. పాదం పైకి లేవక వేళ్లు నేలకు రాచుకుంటూ నడుస్తారు, అరికాలి పుండు మానుతుంది, మళ్లీ లేస్తుంది. వాళ్లకు కావలసింది లోపల మెత్తటి రబ్బరు పొర ఉండే ఎంసీఆర్ చెప్పులు. షుగరు పాదానికీ అవే పనికొస్తాయి. కుష్ఠు చెప్పులని పేరు పడిపోవడంతో షుగరు ఉన్నవాళ్లు వేసుకోవడానికి సిగ్గుపడతారు. ఆ సిగ్గు పోగొట్టే పని ఏ మందూ చేయలేదు, మనమే చేయాలి. కాలు పోయినవాళ్లకు జైపూర్ పాదం ఉంది. 1968లో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ, చదువు పెద్దగా లేని కళాకారుడు మాస్టర్ రామచంద్ర శర్మ కలిసి తయారు చేసినది. గొంతుక్కూర్చోవాలి, చెప్పు లేకుండా నడవాలి, మడిలో దిగాలి అన్న మన అవసరాలు చూసి చేసిన పాదం అది.

ఇక బోదకాలు. మన తీరం వెంబడి ఊళ్లలో ఈ మాట తెలియనివాళ్లు లేరు. మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ కుడితే వచ్చే ఫైలేరియా అది. 2004 నుంచీ ప్రభుత్వం ఇంటింటికీ డీఈసీ బిళ్లలు, కొన్నేళ్ల తరవాత వాటితో పాటు ఆల్బెండజోల్ కూడా పంచుతూ వచ్చింది. ఆశా కార్యకర్తలకు తెలుసు, చేతిలో పెట్టిన బిళ్ల నోట్లోకి పోకుండా కిటికీ గట్టు మీద ఉండిపోతుంది. మాకు జబ్బు లేదు కదా, ఎందుకు మింగాలి అంటారు. ఒంట్లో పురుగు ఉన్నా చాలా ఏళ్లు ఏమీ తెలియదు, తెలిసేసరికి కాలు వాచిపోయి ఉంటుంది. అందుకే మీ ఎదుటే మింగించండి. 2027 నాటికి దేశంలో ఫైలేరియాను లేకుండా చేయాలన్నది లక్ష్యం.

వాపు వచ్చేసినవాళ్ల సంగతి మాత్రం బిళ్లలతో తీరదు, వాళ్ల గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. కాలు బరువుకు అడుగు పడదు. అంతకంటే పెద్ద బాధ, ఏడాదిలో కొన్నిసార్లు గజ్జల్లో బిళ్లలు కట్టి, చలి పుట్టి, కాలు ఎర్రబడి జ్వరం వస్తుంది. వచ్చిన ప్రతిసారీ వాపు ఇంకొంచెం మిగిలిపోతుంది. ఆ జ్వరానికి కారణం ముడతల్లో, వేళ్ల సందుల్లో దూరే సూక్ష్మక్రిములు. కాబట్టి కాలు కడగడమే అసలు చికిత్స. మామూలు సబ్బు, చల్లని నీళ్లు. పైనుంచి పాదం దాకా, ముడత ముడతా విప్పి, గట్టిగా రుద్దకుండా కడగాలి. తరవాత పాత మెత్తటి పంచెగుడ్డతో అద్ది ఆరబెట్టాలి. వేళ్ల సందుల్లో తడి ఉండకూడదు, గుడ్డ కొసను మెలిపెట్టి ప్రతి సందులోంచీ లాగాలి. చీలిక ఉంటే పూతమందు. రాత్రి కాలి కింద దిండు. కూర్చున్నప్పుడు మడమను పైకీ కిందికీ ఆడించాలి. రోజూ ఇలా చేసిన మనిషికి జ్వరాలు బాగా తగ్గుతాయి, జ్వరం తగ్గితే కూలికి పోగలడు. సబ్బుకీ నీళ్లకీ ఖర్చెంత? కానీ కాలు వాచిన పెద్దావిడ తన కాలి వేళ్లను తానే అందుకోలేదు. కడిగే ఇంకో చెయ్యి కావాలి, ఆ చెయ్యి వలసపోయింది.

పక్షవాతం, వెన్నెముక క్షయ, కొబ్బరి చెట్టు మీంచి పడి నడుము విరగడం, చిన్నప్పుడు పోలియో వచ్చి ఇప్పుడు యాభై దాటాక మంచి కాలు కూడా బలహీనపడడం, వీటి గురించి విడిగా చెప్పే సమయం లేదు. 2014లో దేశం పోలియో రహితమని ప్రకటించారు కానీ పోలియో వచ్చిన మనుషులు మన మధ్యే ఉన్నారు. పడిపోవడం గురించి ఒక్క మాట. తుంటి ఎముక విరిగితే ఇక మంచమే అని మన ఊళ్లలో తీర్మానించేస్తారు. కాదు. వెంటనే ఆపరేషన్ చేయించి మర్నాటి నుంచే నిలబెడితే చాలామంది మళ్లీ నడుస్తారు. మంచంలో ఉంచేస్తేనే ఊపిరితిత్తులకు నిమ్ము చేరి, ఒళ్లు పుండ్లు పడి పోతారు.

కొండ మీదికి వెళ్తే ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో సవర, జాతాపు గూడలున్నాయి. సికిల్ సెల్ జబ్బు గిరిజనుల్లో ఎక్కువ. ఎర్రకణాలు కొడవలి ఆకారంలో వంగి చిన్న రక్తనాళాలకు అడ్డం పడతాయి, తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోతుంది, ముప్పై ఏళ్ల కుర్రాడు కుంటుతాడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచినప్పుడు సికిల్ సెల్‌ను చేర్చింది, 2023లో దాని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలైంది. ఈ జబ్బు లేకపోయినా అక్కడ నడక వేరు. విజయనగరం పట్నంలో రెండు వందల అడుగులు నడవగలిగే మనిషి ఆటో ఎక్కి అన్ని పనులూ చేసుకుంటాడు. అదే కాళ్లున్న మనిషి రోడ్డు లేని గూడలో ఉంటే సంతకు పోలేడు, రేషన్ తెచ్చుకోలేడు, జ్వరం వస్తే ఇద్దరు కర్రకు దుప్పటి కట్టి డోలీలో మోయాలి. కాలిలో లోపం ఎంతో, దారిలో లోపం ఎంతో విడదీయలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లోనే వైకల్యాన్ని మనిషి ఒంటితో పాటు అతని చుట్టూ ఉన్న చోటును కూడా చూసి కొలవాలని చెప్పింది. వైకల్యాన్ని ధ్రువీకరించే మన సదరం సర్టిఫికెట్టులో శాతం ఒంటికే వేస్తారు, దారికి వేయరు. 40 శాతం వస్తేనే పింఛను. నడవలేనని నిరూపించుకోవడానికి మనిషి కొండ దిగి శిబిరానికి రావాలి, రానివాడి కష్టమే అందరికంటే ఎక్కువ. శిబిరం కొండెక్కాలి. అది అధికారులను నేను చేతులు జోడించి అడుగుతున్నది.

కింద ఊళ్లలో కూడా దారి సంగతి ఉంది. పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు ఎత్తు చూడండి. బ్యాంకు మెట్లు చూడండి, పక్కన పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మన మరుగుదొడ్లు చూడండి, మోకాళ్లు మడవలేని మనిషి అందులో కూర్చుని లేవాలంటే ఎంత నరకమో ఆ ఇంట్లో వాళ్లకూ తెలియదు, ఎందుకంటే ముసలివాళ్లు చెప్పరు. పోవాల్సిన పని తగ్గుతుందని నీళ్లు తాగడం తగ్గిస్తారు. ఉద్దానంలో నీళ్లు తగ్గించడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. గోడకు ఒక కమ్మి, ఒక ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో కోసి వేసిన కమోడు, ఇంతే కావలసింది.

ఆశా కార్యకర్తలకు నా విన్నపం ఇది. మీ దగ్గర బీపీ మిషను ఉంది, షుగరు స్ట్రిప్పులు ఉన్నాయి. ఒక తాడు కూడా పెట్టుకోండి, నాలుగు మీటర్లది. నేల మీద పరిచి, యాభై దాటిన ప్రతి మనిషినీ దాని పక్కన మామూలుగా నడవమనండి, సెల్‌ఫోన్‌లో సెకన్లు చూడండి. ఐదు సెకన్లు దాటితే నడక మందగించినట్టే. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేవమనండి. అది పన్నెండు సెకన్లు దాటినా, అసలు లేవలేకపోయినా పేరు రాసుకోండి. ఏమైందని అడిగితే వయసు అంటారు. ఆ జవాబు రాసుకోకండి. అరికాలు చూడండి, మోకాలు చూడండి, ఏ బిళ్లలు వాడుతున్నారో పొట్లం తెప్పించి చూడండి, కిందటేడాది ఎన్నిసార్లు పడ్డారో అడగండి. ఈ నాలుగింట్లో ఏదో ఒక దాంట్లో కారణం దొరుకుతుంది.

వచ్చే జనాభా లెక్కల తేదీ 2027 మార్చి 1. ఆలోపు మన ఆశాలు ఒక్క మండలంలోనైనా ఈ తాడుతో ఇల్లిల్లూ తిరిగితే, లెక్కల ఉద్యోగి రాసుకున్న అంకె పక్కన మన అంకె పెట్టి కలెక్టరుగారి ముందు ఉంచవచ్చు. ఆ మండలం ఏదో ఈరోజు ఈ హాల్లోనే నిర్ణయించుకుందాం. సభ అయ్యాక నేను ఇక్కడే ఉంటాను, పేర్లు ఇవ్వదలచుకున్నవాళ్లు రండి.